అనధికార బొమ్మ

సోమవారం పొద్దున సలోమి తాళం తీసి లోపలికి అడుగు పెట్టేసరికి కంప్యూటర్ తెర మీద ఒక మనిషి ఉన్నాడు. ఉండటమే కాదు, మాట్లాడుతున్నాడు. చేతిలో సుద్దముక్క, వెనకాల నల్లబల్ల. ఆమ్లాల గురించి పాఠం చెబుతున్నాడు.

సలోమి చేతిలోని టిఫిన్ డబ్బా జారిపోయింది. పులిహోర గచ్చంతా పరుచుకుంది. ఆమె అటు చూడనైనా లేదు. వెనకడుగు వేసుకుంటూ వరండాలోకి వచ్చి గొంతు చించుకుని అరిచింది.

"ఏడుకొండలూ! బొమ్మొచ్చింది! మన కంప్యూటర్లో బొమ్మొచ్చింది!"

అటెండరు ఏడుకొండలు చీపురు పారేసి పరిగెత్తుకొచ్చాడు. గుమ్మంలోంచి తొంగి చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అయిపోయాం," అన్నాడు. "ఎవరమ్మా ఇంత పని చేసింది?"

చీరాల ఊరి చివర, సముద్రానికి పోయే రోడ్డు మీద ఉన్న ఆ ఆఫీసు పేరు ఉపగ్రహ విద్యా ప్రసారాల స్వీకరణ కేంద్రం. ఇంకే ఆఫీసులోనైనా కంప్యూటర్లో బొమ్మ కనిపిస్తే ఎవరూ పట్టించుకోరు. ఈ ఆఫీసు పుట్టిందే బొమ్మ కోసం. అందుకే ఇక్కడ బొమ్మ కనిపించడం ప్రమాదం.

ఆకాశంలో ఒక ఉపగ్రహం రేయింబవళ్ళు పాఠాలు ప్రసారం చేస్తూ ఉంటుంది. చందా కట్టక్కర్లేదు. మిద్దె మీద గొడుగులాంటి డిష్, కింద ఆ ప్రసారాన్ని బొమ్మగా మార్చే ట్యూనర్ ఒకటి ఉంటే ఎవరైనా పట్టుకోవచ్చు. ఆ పాఠాలని కంప్యూటర్లో పట్టి చుట్టుపక్కల హాస్టళ్ళ పిల్లలకి అందించమని ప్రభుత్వం ఈ కేంద్రాన్ని పెట్టింది. మిద్దె మీద గొడుగు బిగించారు. కింద కంప్యూటర్ పెట్టారు. రెంటికీ మధ్య ఉండాల్సిన ట్యూనర్ ఒక్కటే మిగిలింది. ఏ ట్యూనర్ కొనాలో తేల్చడానికి ఎంపిక సంఘం వేశారు. సంఘం పదకొండేళ్ళుగా ఎంపిక చేస్తూనే ఉంది.

మొదటి ప్రశ్న, కంప్యూటర్ లోపల బిగించే కార్డు కొనాలా, బయట వైరుతో తగిలించే డబ్బా కొనాలా అన్నది. లోపల ఉంటే కంప్యూటర్ భాగం. బయట ఉంటే ఫర్నిచర్. రెంటికీ పద్దులు వేరు. దీని మీద ఉపసంఘం కూర్చుంది. లోపలే అని తేల్చి లేచేసరికి ఆ కార్డు పట్టే కంప్యూటర్లు అంగళ్ళలో రావడం మానేశాయి. ఉన్న ఒక్క పాత కంప్యూటర్‌కీ ఏసీ పెట్టి, గుడ్డ కప్పి, పెద్ద ప్రాణాన్ని చూసుకున్నట్టు చూసుకుంటూ వస్తున్నారు.

తరవాత అకౌంట్స్ ఆఫీసరు మస్తాన్ వలీ ఒక అభ్యంతరం లేవదీశాడు. ట్యూనర్‌కి మూడు కొటేషన్లు తెచ్చారు, బాగానే ఉంది. మరి ప్రసారానికి ఏవీ?

"అది ఉచితం గదా సార్," అంది సలోమి. అప్పటికామె కాంట్రాక్టు మీద కంప్యూటర్ ఆపరేటర్‌గా కొత్తగా చేరింది.

"ఉచితమేనమ్మా. ఎవరు కాదన్నారు? ఉచితమని ఒక్కళ్ళు చెప్తే చాలదు. ముగ్గురు రాసియ్యాల. ముగ్గుర్లో ఎవరు తక్కువ ఉచితానికి ఇస్తన్నారో మనం చూసుకోవాలగా!"

పాఠాలు చెప్పే ఉపగ్రహం ఆకాశంలో ఒక్కటే ఉంది. మరో రెండింటి కొటేషన్ల కోసం ఢిల్లీకి ఉత్తరాలు వెళ్ళాయి. జవాబు కోసం ఇంకా చూస్తున్నారు.

అసలు చిక్కు పరీక్ష దగ్గర వచ్చింది. కొనకముందే ప్రసారం పెట్టి చూస్తే అది వాడకం కిందికి వస్తుంది. కొనని వస్తువుని వాడటం నేరం. కాబట్టి ప్రసారం లేకుండానే ట్యూనర్లని పరీక్షించాలని సంఘం తీర్మానించింది. నమూనాకి వచ్చినవన్నీ ఒకదాని తరవాత ఒకటి తగిలించారు. ప్రతిదీ తెర నిండా ఒకే నీలం రంగు చూపించింది. మధ్యలో 'సిగ్నల్ లేదు' అని తెల్లటి అక్షరాలు. సంఘం ఆ నీలానికి మార్కులు వేసింది. గాఢతకి కొన్ని, సమత్వానికి కొన్ని, కంటికి హాయికి కొన్ని. అన్నిటికీ మార్కులు సమానంగా వచ్చాయి. మళ్ళీ పరీక్ష పెట్టారు. మళ్ళీ నీలమే.

సంఘం అధ్యక్షులు, కేంద్రం డైరెక్టరు తాళ్ళూరి పుండరీకాక్షయ్య గారు ఆ పరీక్షల్లో కళ్ళజోడు తుడుచుకుని తెరకి మూరెడు దూరంలో కూర్చునేవారు. తెల్లచొక్కా, తెల్లప్యాంటు, జేబులో రెండు పెన్నులు. ఆయన నోట్లోంచి వచ్చిన వాక్యాన్ని వచ్చినట్టే ఫైల్లో పెట్టుకోవచ్చు. ఇంట్లో కూడా అలాగే మాట్లాడతారనీ, 'అన్నము వడ్డించవలసినదిగా కోరడమైనది' అంటారనీ ఏడుకొండలు చెబుతుంటాడు. ఆయన ఉద్యోగ విరమణ ఈ నెలాఖరుకే.

మిద్దె మీద గొడుగు మాత్రం ఖాళీగా లేదు. సముద్రపు గాలికి తుప్పు పట్టినా, ఏడుకొండలు భార్య అందులో గుడ్డ పరిచి వడియాలు ఎండబెట్టుకుంటుంది. అంత బాగా ఎండ తగిలే చోటు ఊళ్ళో మరోటి లేదని ఆవిడ నమ్మకం.

అలాంటి ఆఫీసులో బొమ్మ వచ్చింది.

పుండరీకాక్షయ్య గారు గుమ్మంలో నిలబడి తెర వంక చూశారు. కంప్యూటర్ పక్కన సబ్బుపెట్టె అంత నల్ల డబ్బా ఒకటి ఉంది. అందులోంచి వైరు కిటికీ గుండా మిద్దె మీదికి పాకింది. తెర మీద మాస్టారు నీలి లిట్మస్ కాగితాన్ని గాజుపాత్రలో ముంచాడు. కాగితం ఎర్రబడింది. డైరెక్టరు గారి నోరు కొద్దిగా తెరుచుకుని అలాగే ఉండిపోయింది.

"ఆపండయ్యా! ముందు దాన్ని ఆపండి!" అంటూ మస్తాన్ వలీ ప్లగ్గు మీదికి ఉరికాడు.

"ఆగండి!" అన్నారు పుండరీకాక్షయ్య గారు. ఆ గొంతు అంత పైకి లేవడం సలోమి ఎప్పుడూ వినలేదు. "ఆపినచో సాక్ష్యము నశించును. బొమ్మను నడుచుచున్న స్థితిలోనే సీలు చేయవలసినదిగా ఆదేశించడమైనది."

"సౌండైనా తగ్గిద్దామా సార్?"

"తగ్గించినచో సాక్ష్యమును తారుమారు చేసినట్లగును."

ఆయన చెయ్యెత్తి మాట్లాడుతుంటే తెల్లచొక్కా కఫ్ మీద ఎర్రమట్టి రంగు మరక కనిపించింది. ఇంత శుభ్రంగా ఉండే మనిషి ఆవకాయ మరక చూసుకోలేదేమిటా అనుకుంది సలోమి. ఆ తరవాత ఆ సంగతి మరిచిపోయింది, ఎందుకంటే మస్తాన్ వలీ ఆమె చేతిలోని తాళంచెవి వైపు చూస్తున్నాడు.

"ఈ గది తాళం ఎవరి దగ్గరుంటది?"

"నా దగ్గరే సార్. రెండోది డైరెక్టర్ గారి బీరువాలో, కవర్లో."

"ఆ కవరుకి సీలుంది. కాబట్టి ఆ చెవి కవర్లోనే ఉంది. ఇంక మిగిలింది నీదేగా!"

గదికి లక్కతో సీలు వేశారు. లోపల మాస్టారు పాఠం చెబుతూనే ఉన్నాడు. ఆయన వెళితే ఇంకొకాయన, తరవాత ఒక మేడమ్. వరండా అంతా మారుమోగుతోంది.

ఆఫీసు గోడ అవతల ఆడపిల్లల హాస్టల్ ఉంది. ఇంటర్ పిల్లలు. పరీక్షలు దగ్గరికొచ్చాయి, కెమిస్ట్రీ చెప్పే మనిషిని ఇంకా వెయ్యలేదు. మధ్యాహ్నానికల్లా గోడ దూకి పదిహేనుమంది ఆ గది కిటికీ కింద పుస్తకాలు పట్టుకుని కూర్చున్నారు. మస్తాన్ వలీ అటు పోయి చూసి కంగారుపడ్డాడు.

"ఏయ్, ఏంది మీరిక్కడ?"

"పాఠం ఇంటన్నాం సార్."

"అది సీలేసిన పాఠం! ఇనగూడదు!"

"చెవులకి సీలెయ్యలేదుగా సార్," అంది అందులో ఒకతి. మిగతావాళ్ళు కిసుక్కున నవ్వారు.

పిల్లలు పాఠం వినకుండా కాపలా కాయడానికి ఒక హోంగార్డుని వేశారు. మర్నాటికి అతను కూడా కిటికీ కింద కుర్చీ వేసుకున్నాడు. ఆ మర్నాడు "అమ్మాయ్, మోలారిటీ అంటే లీటరుకేగా? మళ్ళీ తప్పు రాశావ్ చూడు," అని ఒక పిల్లకి దిద్దిపెడుతుంటే సలోమి చెవులారా వింది.

కేంద్రం పెట్టిన పదకొండేళ్ళలో పిల్లలకి పాఠం అందడం అదే మొదలు. దాన్ని అరికట్టడానికి రాజధాని నుంచి విచారణాధికారి నరహరి దిగాడు.

నరహరి నల్ల కళ్ళద్దాలు నీడలో కూడా తియ్యడు. వచ్చీ రాగానే మిద్దె ఎక్కాడు. వెనకాల అందరూ ఎక్కారు. గొడుగులో వడియాలన్నీ ఒక పక్కకి జారి కుప్పగా పడి ఉన్నాయి.

"ఆదివారం నాడు తిన్నగా పరిచింది సార్ మా ఆవిడ," అన్నాడు ఏడుకొండలు దిగాలుగా. "ఎవరో గొడుగు తిప్పారు. సగం ఇరిగిపోయినయ్ సార్ వడియాలు."

"వడియములు జారినవి. దిశ మార్చబడినది," అని నరహరి గంభీరంగా పలికాడు. "నేరస్థుడికి ఆకాశంలో దిక్కులు తెలుసు."

గొడుగుని ఎవరో కొబ్బరిపీచుతో శుభ్రంగా రుద్దారు కూడా. కింద గచ్చు మీద తుప్పు పొడి రాలి ఉంది. ఎర్రమట్టి రంగు. సలోమి వంగి వేలితో తీసుకుని చూసింది. సోమవారం పొద్దున తెల్లచొక్కా కఫ్ మీద తను చూసింది ఆవకాయ కాదు.

తల తిప్పి చూస్తే పుండరీకాక్షయ్య గారు సముద్రం వైపు చూస్తున్నారు.

విచారణ మొదలైంది. నరహరి ఒక్కొక్కళ్ళనీ పిలిచి ఒకటే ప్రశ్న అడిగాడు. "మార్కెట్లో ఇన్ని ట్యూనర్లున్నాయి. మీరైతే ఏది ఎంచుకుంటారు?"

"అది సంఘం పరిధిలోని విషయం," అన్నాడు మస్తాన్ వలీ, కుర్చీలో సర్దుకుని.

"మీరు ఏది చెప్తే అదే సార్," అన్నాడు ఏడుకొండలు.

సలోమి అప్పటికి విసిగిపోయి ఉంది. "ఏదైతే ఏంది సార్? అన్నీ బొమ్మ సూపించేయ్యేగా," అంది.

నరహరి మొదటిసారి కళ్ళద్దాలు తీశాడు. "అంటే, మీకొక అభిప్రాయం ఉంది."

"అభిప్రాయం ఏముంది సార్, మామూలు మాటేగా."

"ఇన్నేళ్ళలో ఈ ఆఫీసులో ఒక్కరికీ రాని అభిప్రాయం మీకు వచ్చింది. నిర్ణయం తీసుకునే స్వభావం మీలో ఉంది. ఇంక మీరు వెళ్ళొచ్చు."

ఆ సాయంత్రం ఇంటికి పోతే మొగుడు యోహాను అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మగ్గం మూలపడి ఏడాది దాటింది. ఇల్లు నడిచేది సలోమి జీతం మీదే.

"తీసేస్తారంటనా?" అన్నాడు.

"చెయ్యని పనికి తీసేస్తారంట."

"చేసినోడెవరో తెలిస్తే చెప్పెయ్యొచ్చుగా?"

సలోమి పొయ్యి దగ్గరికి పోయి కూర్చుంది. ముసలాయన. నెలాఖరుకి దండ వేసి, శాలువా కప్పి పంపించాల్సిన మనిషి. కాంట్రాక్టు మనిషి వేలెత్తి డైరెక్టరుని చూపిస్తే ఎవరు నమ్ముతారు? నమ్మినా అదేం బాగుంటుంది? పోనీ, నోరు మూసుకుంటే పొయ్యి ఎలా వెలుగుతుంది?

మర్నాడు సంతకాల ఫైలు తీసుకుని ఆయన గదిలోకి వెళ్ళింది. ఫైలు బల్ల మీద పెట్టి నిలబడింది.

"సార్, మీ చొక్కా మీద మరక పోయిందా?"

ఆయన తల ఎత్తలేదు. "ఏ మరక?"

"ఆవకాయ మరకనుకున్నా సార్. నిన్న మిద్దె మీద చూశాక కాదేమోననిపించింది."

గోడ మీద ఫ్యాను తిరుగుతోంది. వరండాలోంచి మేడమ్ గొంతు, కిటికీ కింద పిల్లల గుసగుసలు వినిపిస్తున్నాయి.

"సదరు చొక్కా చాకలికి ఇవ్వబడినది," అన్నారు పుండరీకాక్షయ్య గారు. పెన్ను మూత తీశారు, మళ్ళీ పెట్టారు. "పోయినదీ లేనిదీ ఇంకనూ తెలియరాలేదు."

సలోమి తలుపు దగ్గరగా వేసి వచ్చేసింది.

శుక్రవారం చివరి సమావేశం. నరహరి లేచి నిలబడ్డాడు.

"దోషిని ఎంపిక చేయడం కూడా ఎంపికే. ట్యూనర్‌కి ఏ నియమాలో దోషికీ అవే నియమాలు. కనీసం ముగ్గురు కావాలి. ముగ్గురినీ పోల్చాలి. సాంకేతికంగా సమానమైతే, అందులో తక్కువ ఖరీదు ఎవరిదో వాళ్ళని ఖాయం చేయాలి. అర్హులు ముగ్గురు. సలోమి, ఏడుకొండలు, మస్తాన్ వలీ."

"నేనా?" మస్తాన్ వలీ కుర్చీలోంచి లేచాడు. "నన్నెందుకు కలిపారు?"

"మూడు కావాలి కాబట్టి కలిపాం. కంగారుపడకండి, మీరు గెలవరు."

"అదేదో ముందే చెప్పొచ్చుగా సార్," అని మస్తాన్ వలీ కూర్చుని నుదురు తుడుచుకున్నాడు.

"సాంకేతిక అర్హతలో ముగ్గురికీ సమాన మార్కులు. ముగ్గురూ ఆఫీసులో ఉన్నారు, ముగ్గురికీ మిద్దె మెట్లు తెలుసు. ఇక జీతాలు చూస్తే, ఆఫీసరు అందరికన్నా ఎక్కువ. అటెండరు పర్మనెంటు, తరవాత ఆయన. కాంట్రాక్టు ఆపరేటరు అందరికన్నా తక్కువ. కాబట్టి దోషి సలోమి అని సిఫారసు చేస్తున్నాను. సోమవారం నుంచి ఉద్యోగం రద్దు. కేసు పోలీసులకు అప్పగింత. ట్యూనర్ స్వాధీనం. కంప్యూటర్‌ని యథాపూర్వంగా నీలం స్థితికి తేవడం."

సలోమి నోరు ఊరుకోలేదు. "అయ్యా, తెచ్చేదాన్నైతే చేరిన రోజే తెచ్చేదాన్నిగా! ఇన్నేళ్ళు ఎందుకూరుకుంటా?"

"ఆలస్యానికి జరిమానా ఇడిగా ఏస్తాంలే," అన్నాడు మస్తాన్ వలీ. తను గెలవలేదన్న సంతోషంలో ఉన్నాడు.

"అధ్యక్షుల వారు సంతకం చేస్తే పని పూర్తవుతుంది," అని నరహరి కాగితం ముందుకి తోశాడు.

పుండరీకాక్షయ్య గారు పెన్ను తీశారు. రాయలేదు. జేబులో పెట్టుకుని రెండో పెన్ను తీశారు. దానితోనూ రాయలేదు. వరండా చివర్న మాస్టారు గట్టిగా ఏదో ప్రశ్న వేశాడు. కిటికీ కింద పిల్లలందరూ ఒక్క గొంతుతో జవాబు చెప్పారు. హోంగార్డు గొంతు కూడా కలిసింది.

"ఈ నేరము," అన్నారు ఆయన, "అధ్యక్షునిచే చేయబడినది."

"ఏ అధ్యక్షునిచే?" అన్నాడు నరహరి.

"నాచే."

ముందుగా తేరుకున్నవాడు నరహరే. "అది కుదరదు సార్. మీరు టెండరు పిలిచినవారు. పిలిచినవారు టెండరు వెయ్యకూడదు. దోషిగా మీకు అర్హత లేదు. దయచేసి సంతకం పెట్టండి."

పుండరీకాక్షయ్య గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. అప్పుడు ఆయన నోట్లోంచి వచ్చిన మాటలు ఏ ఫైల్లోనూ పట్టేవి కావు.

"అర్హత సంగతి తరవాత సూద్దువుగాని, ముందు ఆ పిల్లని వదిలెయ్యి, ఈ కాగితం మీద నేను సంతకం పెట్టను. నేనేనయ్యా చేసింది. బీరువాలో కవరు ఒక్కసారి ఎత్తి సూసుంటే తెలిసేది, అందులో తాళంచెవి లేదు. ఈ నెలాఖరుతో నా పని అయిపోయిద్ది. పదకొండేళ్ళు ఆ నీలం వంక సూశా. ఇంటికి పోయి కళ్ళు మూసుకున్నా నీలమే. మజ్జిగన్నంలో కూడా నీలమే కనపడేది. దాని ఎనకాల ఏముందో ఒక్కసారి సూసి పోదామనిపించింది, అంతే. శనివారం గుంటూరు పోయా. కొట్టు నిండా ట్యూనర్లే. లోపల పెట్టేవి, బయట పెట్టేవి, మనం సూసినయ్, మనం సూడనియ్. కొట్టాయన టీ తాగతా 'ఏది కావాల సార్' అన్నాడు. నాకు చెమటలు పట్టినయ్. మన మార్కులన్నీ గుర్తు తెచ్చుకున్నా. గాఢత, సమత్వం, కంటికి హాయి. ఒక్కటంటే ఒక్కటి అడగటానికి నోరు రాలా. ఎనకాల జనం. 'తొందరగా చెప్పండి సార్' అన్నాడు. ఇంక ఏం చెయ్యమంటావ్? 'ఏదో ఒకటియ్యవయ్యా' అన్నా. ఇచ్చాడు. సోమవారం పొద్దున్నే వచ్చి గొడుగు తోమి, అటూ ఇటూ తిప్పి తగిలించా. బొమ్మొచ్చింది."